నిప్పును లోపలికి తిప్పుకున్న పైడమ్మత్త

"అత్త పోనాదే" అని మా తమ్ముడు ఫోన్లో ఒక్క మాటే అన్నాడు. తొమ్మిదో తరగతి పిల్లలకు సమాసాలు చెబుతూ, చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడిపోయాను. నెలల తరబడి భయపడుతున్న వార్తే. వైద్యులు ముందే చెప్పారు, మేమూ ముందే ఏడ్చాము. అయినా పిడుగు పడ్డట్టే ఉంది. మరణం ఆసన్నమైందని తెలియడం వేరు, సంభవించిందని వినడం వేరు. మా మేనత్త పైడమ్మ ఇక లేదన్న వాక్యం రాయడానికి తెలుగు పంతులమ్మనైన నాకే చెయ్యి రావడం లేదు.

కళింగపట్నం పోయే దారిలో వరి పండించుకునే చిన్న ఊరు మాది. ఆ ఊళ్లో నా ఈడువాళ్లు, మా పిల్లల ఈడువాళ్లు, అందరూ ఆమె కాళ్ల మీద నీళ్లు పోయించుకున్నవాళ్లే. అత్త కడుపున కాయ కాయలేదు. ఎవరింట బిడ్డ పుట్టినా కబురందకముందే ఆముదం గిన్నెతో ప్రత్యక్షమయ్యేది. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, శిశువును బోర్లా పడుకోబెట్టి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోసేది. "ఏడు గుంటా, బాగా ఏడు. ఇప్పుడేడిసేస్తే పెద్దయ్యాక ఏడవక్కర్లేదు" అనేది. ఆ జోస్యం నా విషయంలో ఫలించలేదు.

అత్త చుట్ట కాల్చేది. మా వైపు పాతతరం ఆడవాళ్లకది వింత కాదు. కాల్చే పద్ధతే బయటివాళ్లకు వింత. వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని, రెండో కొసను బయటికి ఉంచుతారు. అడ్డపొగ అంటారు దాన్ని. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. అత్త చెప్పే కారణం వేరు. "నిప్పు బయటుంటే రవ్వ బిడ్డ మీద పడిపోదేటి? నా నోట్లో ఉంటే నన్నే కదా కాలుస్తాది" అనేది. చిన్నప్పుడు ఆ మాటకు నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే గుండె చెరువవుతోంది.

ఒక వేసవి సెలవుల్లో ఆమె ఆవులిస్తుండగా అంగిలి కనిపించింది. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఒక పక్కన ఎర్రగా పుండులాంటిది. "ఇదేటత్తా?" అని అడిగాను. పక్కింటి సూరమ్మను కేకేసింది.

"ఒసే సూరమ్మా, బేగి రా. మా కోడలికి నీ నోరు సూపించు."

సూరమ్మ వచ్చి ఎండకేసి నోరు తెరిచింది. అదే తెలుపు, అవే చుక్కలు. చేను నుంచి వస్తున్న మరో ముసలమ్మ కూడా ఆగి, అడక్కుండానే తనదీ చూపించింది.

"సూసావా? అందరికీ ఉన్నాది. అందరికీ ఉన్నది జబ్బెలాగవుతాదే?" అంది అత్త విజయగర్వంతో.

ఎక్కడైనా మచ్చ చూసి జనం భయపడతారు. మా ఊరి ఆడవాళ్లు మచ్చలు పోల్చుకుని ధైర్యం తెచ్చుకుంటారు. మచ్చ లేని నోరు వాళ్లు చూస్తే కదా! ఆ తర్కం ముందు నా వ్యాకరణమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

అలాగని అత్తకు భయం లేదనుకోకండి. పులుసులో కారం తగ్గిపోయింది. మాట్లాడుతూ మధ్యలో ఆగి నాలుకతో అంగిలి తడుముకునేది. ఒకనాడు బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా, "అది కేన్సరేనంటావా కోడలా?" అని అడిగింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మర్నాడే శ్రీకాకుళం తీసుకెళ్లాను.

పళ్ల డాక్టరమ్మ టార్చి వేసి చాలాసేపు చూసింది. "తెల్ల మచ్చలన్నీ కేన్సర్ కావమ్మా. చుట్ట మానేస్తే కొన్ని తగ్గుతాయి కూడా. మానని ఈ ఎర్ర పుండే నాకు నచ్చలేదు. కావచ్చు, కాకపోవచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితేగానీ చెప్పలేను" అంది.

"ఉన్నాదో లేదో సెప్పమ్మా. కావచ్చు, కాకపోవచ్చు అంటే ఏటి?"

"పరీక్ష చెయ్యకుండా చెప్పలేను."

"అయితే లేదనుకుంటాను" అని అత్త కుర్చీలోంచి లేచిపోయింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

బస్సులో అసలు సంగతి బయటపెట్టింది. "గవరమ్మ కోడలికి నెలలు నిండినాయి. నాను నోరు కోయించుకుని పడుకుంటే ఆ బిడ్డకి నీళ్లెవులు పోస్తారు?" గవరమ్మ మనవడయ్యాక మరొకరి మనవరాలు. ఊళ్లో పురుళ్లు ఆగుతాయా? బతిమాలాను, తిట్టాను, ఆమె ఇంట్లో అన్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. "ఈ ఒక్క గుంటడికీ పోసి వస్తానే" అని నా తల నిమిరేది. ఆమె మొండితనం ముందు నేనెంత!

చివరికి అత్త పరీక్షకు వచ్చేసరికి, ముక్క తీయకముందే డాక్టరమ్మ ముఖం చూస్తే తెలిసిపోయింది. అత్త ఆ రోజే చుట్ట పారేసింది. విశాఖలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాము. మాట ముద్దయింది, మింగుడు కష్టమైంది. ఇవన్నీ సహించింది ఆ సహనమూర్తి. సహించలేనిది వేరొకటి జరిగింది. ఆ జబ్బు పసిబిడ్డలకు అంటుకుంటుందని ఎవరో అన్నారు. పురుటిళ్లవాళ్లు ఆమెను పిలవడం మానేశారు. అంటదని ఇంటింటికీ తిరిగి చెప్పాను. అందరూ తలలూపారు, ఎవరూ పిలవలేదు. ఏ బిడ్డల కోసం తన ప్రాణాన్ని వాయిదా వేసిందో ఆ బిడ్డలనే ఆమెకు దూరం చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం అరుగు మీద కూర్చుని, వీధి చివరి ఇంట్లో బిడ్డ ఏడుపు వింటూ, "నీళ్లు వేడెక్కువైనాయి. ఎల్లి సెప్పవే" అంది ముద్దమాటల్లో. వెళ్లి చెప్పాను. అంతకు మించి చెయ్యగలిగిందేమీ నాకు కనిపించలేదు.

మొన్న పెద్దకర్మ నాడు, భోజనాలయ్యాక సూరమ్మ నన్ను పెరట్లోకి పిలిచి నోరు తెరిచింది.

"నాదెలాగున్నాదో సూడమ్మా. నీకు తెలుసు కదా ఇప్పుడు."

నాకేం తెలుసు? ఫోను లైటు వేసి చూశాను. తెలుపు, చుక్కలు, లోపలికి ఒక ఎర్రటి చోటు. అది నీడో, పుండో.

"రేపు నాతో డాక్టరమ్మ దగ్గరికి రా పిన్నీ" అన్నాను.

ఆమె నోరు మూసుకుని కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈ నెల్లోనే మా కోడలికి పురుడమ్మా. మీ అత్తుంటే నాకు బెంగ లేకపోను. ఇప్పుడు ఆ బిడ్డకి నానే కదా నీళ్లు పొయ్యాల. అదయ్యాక వస్తాను."

చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుని వెళ్లిపోయింది. అత్తా, నీ లోటు ఈ ఊరికి తీరేది కాదు. నీ పాదాలకు శతకోటి నమస్కారాలు. సూరమ్మను ఎలా ఆపాలో మాత్రం నాకు తెలియడం లేదు.