సిస్టరమ్మ విప్పని నోరు

ఆ రోజుల్లో, కిడ్నీ జబ్బుకు పేరుబడ్డ మా ఉద్దానం కుర్రాడికి పిల్లనివ్వాలంటే జాతకం కంటే ముందు కిడ్నీలు చూసేవారు. (ఇప్పుడు చూడరా అంటే, చూస్తారనుకోండి.) మిషన్ ఆసుపత్రివాళ్ళు మా ఊరందరికీ రక్తపరీక్షలు చేసి, ఒప్పుకున్నవారి ఫలితాలు మాత్రమే, పేర్లు తీసేసి నంబర్లు వేసి, పట్నంలో జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళకు పంపారు. ఆ పనంతా పెద్ద సిస్టరమ్మది. నాకే జబ్బూ లేదని ఆవిడే చెప్పింది. ఊరేగింపు ఒక్కటే తక్కువ, ఊరంతా చెప్పుకు తిరిగాను.

అప్పుడే సాలూరు సంబంధం వచ్చింది. పిల్లని చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. పిల్ల మేనమామకు లారీలున్నాయి, అనుమానాలు అంతకంటే ఎక్కువ. నా రిపోర్టు చూపిస్తే, కాగితం ఎవడైనా రాయించుకుంటాడని తీసిపారేసి, నన్ను వెంటబెట్టుకుని నేరుగా సిస్టరమ్మ దగ్గరికే వచ్చాడు. ఆవిడ కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది, సమాధానం మాత్రం ఇవ్వలేదు. నేనే చెప్పమంటున్నాను కదమ్మా అని ఏడుపు మొహం పెట్టాను.

"కాగితం నీది, ఎవులికైనా సూపించుకో. నా నోటితో సెప్పను బాబూ. బాగున్నోడి గురించి ఈరోజు సెప్పేస్తే, రేపు బాగులేనోడి గురించి అడిగినప్పుడు నేను మాటాడకపోతే సాలు, ఊరంతా తెలిసిపోతాది" అంది.

మేనమామ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. నా పెళ్ళి అక్కడితో సరి అనుకుని ఆవిణ్ణి దారిపొడుగునా తిట్టుకున్నాను. వారం తిరక్కుండా కబురొచ్చింది: చేసుకుంటే నన్నే చేసుకుంటానని పిల్ల పట్టుబట్టిందట. నా అందం చూసే అనుకుని మీసం దువ్వుకున్నాను.

పెళ్ళయ్యాక మా ఆవిడ ఆ మీసం కాస్తా దించేసింది. "అందమేటి? సిన్నప్పుడు నాకు ఫిట్సొస్తే, గుట్టుగా ఉండాలని మాయమ్మ అంత దూరం ఆ సిస్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళినాది. మావకి కూడా తెలీదు. ఆవిడ నోరిప్పనేదని మావ తిట్టుకుంటా ఇంటికొస్తే, నాకు కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి. ఆవిడున్న ఊరికే కోడలిగా ఎల్తానన్నాను." (ఇది రాయడానికి మా ఆవిడ అనుమతి తీసుకున్నాను. సిస్టరమ్మ చదివితే మొదట అదే అడుగుతుంది.) అంతటి మనిషినా నేను తిట్టుకున్నది అని సిగ్గేసింది.

మొన్న అదే ఆసుపత్రిలో నాకు షుగరు తేలింది. మా ఆవిడ వెళ్ళి ఆరా తీస్తే, జుట్టు నెరిసిన సిస్టరమ్మ, మీ ఆయన్నే అడుగమ్మా అందట. ఆ నోరు విప్పమని ఒకప్పుడు కాళ్ళావేళ్ళా పడ్డ కుర్రాడు, అది విప్పనందుకు మనసులోనే దణ్ణం పెట్టుకుని, ఇంట్లో నిజం చెప్పేముందు ఆఖరి జిలేబీ ఒకటి నోట్లో వేసుకున్నాడు.