చివరి కందనకాయ పుల్ల

ఆంధ్రలో మా కంపెనీ పెట్టబోయే కొత్త ఫ్యాక్టరీకి గురుగ్రామ్ ఆఫీసు నుంచి ఒకరిని పంపుతారని తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ చోటుకి గంట ప్రయాణం దూరంలో, నాయుడుపేటలో, మా ఆవిడ స్కూల్ టీచరు. పాప ఆమె దగ్గరే ఉంటుంది. నేనేమో మూడేళ్లుగా ఇక్కడ ఒంటికాయ సొంటికొమ్ములా ఒక పీజీలో పడి ఉన్నాను.

అందుకే మా మేనేజరు, జపాన్ ఆయన, నన్నూ నా పక్క సీటులోని ఫరీదాబాద్ అతన్నీ సాయంత్రం భోజనానికి రమ్మనగానే సంగతి అర్థమై మా ఆవిడకి ఫోన్ చేశాను. పెళ్లిచూపుల్లో రెండుసార్లు వద్దని, మూడోసారికి జంతికల పళ్లెం ఖాళీ చేసిన మనిషిని. నా మొహమాటం ఎలాంటిదో ఆమెకి అప్పటినుంచే తెలుసు.

"రెండుసార్లు అడిగించుకోబాకండి. ఆయన అడగంగానే సరే అనేయండి," అంది.

అది కోడిమాంసాన్ని వెదురు పుల్లలకి గుచ్చి బొగ్గుల మీద కాల్చి పెట్టే చిన్న హోటలు. ముందుగా గిన్నెడు పచ్చి క్యాబేజీ ముక్కలు తెచ్చి పెట్టారు. అవి తినడానికో అలంకారానికో తెలియక ఒకటి తీసుకుని చాలాసేపు నమిలాను. మేనేజరు గారు పుల్లని నేరుగా నోట్లో పెట్టుకున్నారు. ఫరీదాబాద్ అతను ఫోర్కుతో ముక్కలు లాగి ప్లేటులో వేసుకున్నాడు. ఎవరిది మర్యాదో తేల్చుకోలేక నేను సగం అలా, సగం ఇలా తిన్నాను. ఏం మాట్లాడినా మేనేజరు గారు గొంతులోంచి "ఊఁ" అనేవారు. అది అవునో కాదో మూడేళ్లుగా నాకు తెలియదు.

తరవాత వచ్చిన పళ్లెంలో పుల్ల కొరికితే కందనకాయ! నాకు ప్రాణం. మా ఇళ్లలో కోడికి ఒకటే కదా అని దాన్ని అల్లుడికో చుట్టానికో వేసేస్తారు. ఇక్కడ ఒక్కో పుల్లకి నాలుగు. తలా ఒక పుల్ల తిన్నాక పళ్లెంలో ఒకటి మిగిలింది. ఎవరూ ముట్టుకోలేదు. మేనేజరు గారు పళ్లెం నావైపు జరిపి తింటారా అని అడిగారు.

వద్దు సార్, మీరు తీసుకోండి అన్నాను. ఇంకోసారి అడిగితే అయిష్టంగా ఉన్నట్టు తీసుకుందామని సిద్ధంగా కూర్చున్నాను. ఆయన పుల్ల తీసుకుని హాయిగా తినేశారు.

తింటూ, తమ దేశంలోనూ చివరి ముక్కని ఎవరూ ముట్టుకోరని, మూడుసార్లు బతిమాలాలని చెప్పారు. "ఇండియా వచ్చాక ఒక్కసారే అడగడం నేర్చుకున్నాను. ఇక్కడ మనిషి తనకేం కావాలో అదే చెబుతాడు. ప్రాణానికి సుఖంగా ఉంది," అన్నారు. ఫరీదాబాద్ అతను తలూపాడు. నాకేమీ పాలుపోలేదు. ఇది నాకు సలహానా? ఉత్తి కబురా? పుల్ల వెంట నా చూపులు వెళ్లడం కనిపెట్టేశారా? సిగ్గేసింది.

నేనింకా ఆ ఆలోచనలోనే ఉండగా ఆయన టీ కప్పు దించి, ఆంధ్ర ఫ్యాక్టరీకి వెళ్తారా అని నన్ను అడిగారు.

"ఎవరిని పంపినా ఫర్వాలేదు సార్," అంది నా నోరు.

మావైపు ఆ మాటకి అర్థం ఇంకోసారి అడగమని. ఆయన "ఊఁ" అని అటు తిరిగారు. ఫరీదాబాద్ అతను తడుముకోకుండా వెళ్తానన్నాడు. నేను కూడా వెళ్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అతను ఒప్పుకున్నాక అడ్డుపడితే ఏం బాగుంటుంది? అక్కడ ఎండలు ఎలా ఉంటాయి, రొట్టెలు దొరుకుతాయా అని అతను అడిగితే ఓపిగ్గా అన్నీ చెప్పాను. నాయుడుపేటలో అద్దె ఇళ్లు బాగుంటాయని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు.

మెట్రో ప్లాట్‌ఫారం మీద ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. ఆయన అడిగారా అంది. అడిగారన్నాను.

"ఎన్నిసార్లు అడిగించుకున్నారు?"

"ఒక్కసారే," అన్నాను. "రెండోసారి ఆయన అడగలేదు."