గుట్టకు నిప్పు పెట్టనివ్వలేదు

అల్మాస్‌గూడలో మా కాలనీ వెనక ఒక రాతిగుట్ట ఉంది. తంగేడు, సీతాఫలం పొదలు, నడుము ఎత్తు గడ్డి. ఏటా ఎండలు ముదిరే వేళకి, పాములొస్తున్నాయని మా కాలనీ పెద్దలే ఆ గడ్డికి నిప్పు పెట్టించేవారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో జీవశాస్త్రం పాఠాలు చెప్పే నేను కూడా మూడేళ్లపాటు పొగ రాకుండా కిటికీలు మూసుకుని ఊరుకున్నాను. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో ఏడు, ఒక ఆదివారం మధ్యాహ్నం, పొగతో పాటు కేకలు వినబడ్డాయి. గుట్ట మీద మేకలు మేపే అవ్వ గొంతు అది. పరుగెత్తాను. మేకలను కిందికి తోలేసి, ఆమె ఒక్కతే వేపకొమ్మతో మంటను బాదుతోంది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా? కొమ్మ ఇరిచి కొట్టు!"

విరిచాను, కొట్టాను. తీతువు పిట్టలు రెండు మా నెత్తిమీద అరుస్తూ తిరుగుతున్నాయి. అవ్వ చెయ్యి చాపి చూపించింది. మంటకు నాలుగడుగుల దూరంలో, గులకరాళ్ల మధ్య, రాళ్లలాగే ఉన్న నాలుగు గుడ్లు.

"గాడ అడ్డం నిలబడు. ఇటు రానియ్యకు."

చేతులు బొబ్బలెక్కాయి గానీ గుడ్లు దక్కాయి. సగం గుట్ట దక్కలేదు. సాయంత్రం బూడిదలో నడిచాం. వీపు మీద నక్షత్రాల మచ్చలున్న తాబేలు ఒకటి, డిప్ప పెట్లిపోయి, చచ్చి కనబడింది. కౌజు పిట్టల గూడు ఉన్నచోట మసి. చచ్చిన పాము ఒక్కటీ లేదు.

"పాములా? గవి బొరియలల్ల సల్లగ ఉన్నయ్," అంది అవ్వ. "గడ్డి కాల్తే ఎలుకలు మీ ఇండ్లకొస్తయ్. ఎలుకల ఎంబడి పాములొస్తయ్. గింత తెల్వదా సదువుకున్నోళ్లకు?"

ఆ డిప్పను కడిగి, కాలనీ మీటింగులో బల్ల మీద పెట్టాను.

"మేడమ్, పిట్టల కోసం పిల్లల్ని పాములకి వదిలెయ్యమంటారా?" అన్నారు అధ్యక్షుడు.

"మీరు చంపింది పాముని కాదండీ, దీన్ని. ఈసారి నిప్పు పెట్టాలంటే నేను గుట్ట మీద ఉంటాను. నన్ను దాటి పెట్టండి."

కొందరు నవ్వారు. మరుసటి వేసవిలో సెలవు పెట్టి మరీ గుట్ట మీద కూర్చున్నాను. అవ్వ, నేను, డ్రమ్ముడు నీళ్లు, తడి గోనె సంచులు. అగ్గిపెట్టెతో వచ్చిన వాచ్‌మన్‌ను అవ్వ పేరుపెట్టి పిలిచింది.

"మీ తాతకు గూడ గీ గుట్ట సీతాఫలాలే పెట్టిన. పెడ్తవా నిప్పు? పెట్టు, జూస్త."

అతను తలొంచుకుని కిందికి దిగిపోయాడు. తర్వాత ఎవరూ రాలేదు.

ఇప్పటికి మూడు వేసవులు గడిచాయి. తంగేడు, సీతాఫలం కాలిన మోళ్ల నుంచే చిగిర్చాయి. కాలిన నేలలో ముందుగా ఎగబడింది మాత్రం వయ్యారిభామ కలుపు. వానలు పడ్డాక ప్రతి ఆదివారం దాన్ని వేళ్లతో సహా పీకుతున్నాం. కౌజుల కూత ఇంకా వినబడలేదు. వినబడకపోయినా సరే, ఆ గుట్టను మళ్లీ ఎవరి చేతికీ వదిలేది లేదు.