చింతగింజల గల్లాపెట్టె

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను మహబూబాబాద్‌లో శిక్షణ అధికారిగా వేశారు. మహిళా సంఘాలకు కలిసి పనిచేయడం, జమాఖర్చులు, ఉత్పత్తి ప్రణాళిక నేర్పడం నా పని. ఎంత సరుకు కొనాలి, ఎవరు ఏ పని చేయాలి, ఎప్పటికి అమ్మాలి అని ముందే వేసుకునే లెక్కనే ఉత్పత్తి ప్రణాళిక అంటారు.

ఆ విడతకు మూడు జిల్లాల నుంచి మూడు బృందాలు వచ్చాయి. ఇవ్వడానికి కారం పట్టే గిర్ని మాత్రం ఒకటే ఉంది. శిక్షణలో పనితీరు చూసి నేను చేసే సిఫారసును బట్టి అది ఒకరికి వెళ్తుంది. మిరప పండించేది తామే అయినా కారం పట్టించడానికి ఆటో కిరాయి పెట్టుకొని డోర్నకల్ పోతున్నామని తండా నుంచి వచ్చిన కమిలి మొదటి రోజే చెప్పింది. బచ్చన్నపేట బృందం పెద్ద కౌసల్య అది విని, "మేమేమన్న నడిచి పోతున్నమా?" అంది.

పాఠం కంటే ఆట మేలని మా పద్ధతి. ప్రతి బృందం నా దగ్గర కాగితం కొని, మందుల దుకాణం కవర్లు చేసి, తిరిగి నాకే అమ్మాలి. ఆటకు అచ్చువేసిన నోట్లు హైదరాబాద్ నుంచి రాలేదు. మా ఆవిడ ఒక సంచి చింతగింజలు ఇచ్చింది; అప్పటికి ఆమె ఉంది. వాటినే డబ్బుగా ఒక్కో బృందానికి ఒక గల్లాపెట్టెలో పోసి పంచాను.

పొద్దున ఆట పద్ధతిగా సాగింది. భోజనాలయ్యాక, కొరత వస్తే ధర ఎట్లా పెరుగుతుందో చూపించాలని మిగిలిన కాగితం వేలం వేశాను. ధర పెరిగింది. పెరుగుతూనే పోయింది. ఎవరూ తగ్గలేదు. పాఠం ఇంత బాగా ఎక్కిందని సంతోషించాను. సాయంత్రం సరిచూస్తే, నేను పంచినవాటికంటే గదిలో ఉన్న గింజలే ఎక్కువ. చాలావాటికి చింతపండు ఇంకా అంటుకునే ఉంది. ఆ మధ్యాహ్నం వంటవాళ్లు పచ్చిపులుసు చేశారు.

కౌసల్య తండా వాళ్ల వైపు చెయ్యి చూపింది. "వాళ్ల భాషల ఏమో మాట్లాడుకొని వంటింట్లకు పోయిర్రు సార్. నేను చూసిన."

"చూడకేం చేస్తవక్కా," అంది కమిలి. "మేం పోయేటాళ్లకు నువ్వు కొంగు నింపుకొని ఎదురొస్తుంటివి. మాకు అడుగుబొడుగే దొరికినయ్."

మూడో బృందమైన భూపాలపల్లి వాళ్లలో ఒకావిడ లేచి టిఫిన్ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మూత తీస్తే నిండా గింజలే.

నవ్వులు ఆగాక చిక్కు అర్థమైంది. నియమం ప్రకారం మోసం చేసిన బృందం అనర్హం. మూడూ అనర్హమైతే గిర్ని వెనక్కి పోతుంది. ఆ మాట చెప్పాను. మర్నాడు మళ్లీ ఆడిద్దామని, మోసం జరగకుండా ఏర్పాటు మాత్రం వాళ్లే చెప్పాలని అన్నాను.

మర్నాడు కౌసల్య వంటింటికి తాళం వేయమంది. గింజలకు సున్నం బొట్లు పెట్టమన్నారు భూపాలపల్లి వాళ్లు. "సున్నమేమన్న దొరకదా?" అని కౌసల్యే కొట్టిపారేసింది.

చివరికి కమిలి అంది: "మా గల్లాపెట్టె కౌసల్యక్క కాడ పెట్టుర్రి. ఆమెది భూపాలపల్లోళ్లకు, వాళ్లది మాకియ్యుర్రి. ఒక్క గింజ ఎక్కువైతె ఊకుంటమా?"

"నన్ను నమ్ముతున్నవా ఏంది?" అంది కౌసల్య.

"లేదక్కా. అందుకే."

అట్లాగే ఆడించాను. కొన్నప్పుడల్లా, అమ్మినప్పుడల్లా తగువే. సాయంత్రానికి మాత్రం గింజలు లెక్కకు సరిపోయాయి. ఎక్కువ మిగిల్చింది కౌసల్య బృందం. గిర్ని మాత్రం తండాకు రాశాను. కారణం అన్నచోట 'నగదు నియంత్రణ' అని పెట్టాను. ఆ ఏర్పాటు లేకపోతే ఎవరికీ అర్హత ఉండేది కాదని కౌసల్యకు వివరించాను.

"మిగిల్చింది మేము, గిర్ని వాళ్లకు. మంచిగున్నది సార్ మీ లెక్క," అని ఆమె బస్సెక్కింది.

బృందానికి పునాది నమ్మకమని మా శిక్షణ పుస్తకంలో మొదటి పాఠం. దాన్ని నేను తీసెయ్యలేదు. రిటైరయ్యే దాకా దానికి ముందు ఇంకొకటి చెప్పాను: డబ్బు పెట్టె పోటీదారు చేతికివ్వాలి. దానివల్ల గొడవలు తగ్గవు. లెక్కలో తేడాలు తగ్గుతాయి.