నవ్వుకు గడి లేని ఫారం

పాలిటెక్నిక్‌లో నాకు ఒక అలవాటైంది. యంత్రం మొరాయిస్తే, ఏది పనిచేస్తోందో ఏది చెయ్యడం లేదో ముందు రాసుకోవాలి. మెట్‌పల్లి దగ్గరి ఒక సర్కారు బడిలో విద్యా వాలంటీర్‌గా చేరాక ఐదో తరగతి గురించి కూడా అలాగే రాసుకున్నాను. ఒకటి, అక్షరాలు వచ్చు. రెండు, గడగడా చదువుతారు. మూడు, చదివిందేమిటని అడిగితే నా మొహం చూస్తారు.

అందుకే చీటీల ఆట పెట్టాను. "కిటికీ పక్కనున్న బకెట్ తెరువు, అందులోని చీటీ చదువు." ఇలా ఒక్కో చీటీలో ఒక్కో పని. పెదవి కదపకుండా చదవాలి, చదివింది చెయ్యాలి. మాట్లాడితే అవుట్. గడగడా చదివేవాళ్లంతా మొదటి చీటీ దగ్గరే నిలబడిపోయారు. అందరికంటే ముందు చివరి చీటీ అందుకున్నది, పైకి చదవమంటే నత్తి వచ్చే పిల్ల. వాళ్ల బాపు దుబాయి నుంచి పంపిన రెండు జిప్పుల సంచి ఆమెది. మళ్లీ ఆడించాను. మళ్లీ ఆమే.

హెడ్‌మాస్టర్ గుమ్మంలో నిలబడి చెవి పెట్టాడు.

"క్లాసుల సప్పుడే లేదేంది తమ్మీ? ఊరోళ్లు సార్లు రాలేదనుకోరా?"

"చదువుతున్నరు సార్."

"సదివితే ఇనబడాలె గదా!"

ఆ వారమే పైనుంచి చదువు పరీక్ష ఫారాలు వచ్చాయి. తప్పినవాళ్లు రెండో తరగతిలో కూర్చోవాలి. ఫారంలో నాలుగు గడులు: అక్షరం, పదం, వాక్యం, వేగం. అర్థానికి గడి లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

పరీక్ష కథలో, గాడిదెక్కిన ఒకాయన దానికి బరువవుతుందని మూట తీసి తన నెత్తిన పెట్టుకుంటాడు. పిల్లలందరూ దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పి వెళ్లిపోయారు. ఈ పిల్ల ఆగుతూ, తడబడుతూ మూట దాకా వచ్చి పకపకా నవ్వింది.

"నవ్వుడేంది? టైం పోతుంది!" హెడ్‌మాస్టర్ గడియారం చూపించాడు. చదవడానికి ఇచ్చిన నిమిషం అయిపోయింది.

"సార్, కథ సమజైంది గీ పిల్లకొక్కదానికే."

"నవ్వుకు గడి లేదు తమ్మీ. ఫికర్ జెయ్యకు, రెండో తరగతిల మంచిగనే ఉంటది."

ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. ఆయన ఒక్కడి మీదే కాదు. ఆ ఫారం గీసినవాడు ఒక్క పిల్లనైనా "ఏమర్థమైంది బిడ్డా" అని అడిగి ఉండడు. నేనూ తక్కువవాణ్ని కాదు. చేరిన కొత్తలో గడగడా చదివినవాళ్లకే చప్పట్లు కొట్టించాను.

మర్నాడు పొద్దున నా బల్ల మీద ఒక చీటీ. నేను రాసింది కాదు.

"సార్, నా సంచి రెండో తరగతిల ఉంది. తెచ్చి ఐదో తరగతిల పెట్టుండ్రి. మాట్లాడితే అవుట్."

వెళ్లి సంచి తీసుకున్నాను. వరండాలో హెడ్‌మాస్టర్ ఎదురొచ్చాడు.

"ఎవల్ది తమ్మీ గా సంచి? ఏడికి?"

నోరు విప్పకుండా చీటీ ఆయన చేతికిచ్చాను. వరండా చివరి దాకా వినబడేలా, ఎక్కడా తడబడకుండా, గడగడా చదివాడు. చదివి, "అయితే ఏంది?" అన్నాడు.

సంచిని కిటికీ పక్కన, దాని పాత చోట్లోనే పెట్టాను. తియ్యాలంటే ఆయనే వచ్చి తియ్యాలి, నేను తియ్యను. ఆ పిల్ల వచ్చి సంచి పక్కన కూర్చుంది.

"సా... సార్," అంది, "పెద్దసారు అవుట్."