వాపు లేని వేలు

మావైపు రేడియేషన్ అనరు, కరెంటు పెట్టడం అంటారు. అమ్మకి గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ అని తేలాక, సోమవారం నుంచి శుక్రవారం దాకా కాకినాడలో కరెంటు పెట్టేవారు. దానికి తోడు వారానికోసారి సెలైన్‌లో మందు. శనివారం పొద్దున్నే రాజోలులో మా ఇంటికి వచ్చేసేవాళ్ళం. అమ్మకి ఏ రోగమూ అంటకూడదని, ఇంట్లో ఉన్నంతసేపూ నేను పోలీసునే. ప్రార్థనకి వచ్చిన చర్చివాళ్ళని కూడా గేటు బయటే నిలబెట్టి చేయించాను. మీ అమ్మాయి గట్టిదండీ అని వాళ్ళు అమ్మతో అన్నది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

అమ్మని మాత్రం వంటింట్లోకి వెళ్ళకుండా ఆపలేకపోయాను. ఒక శనివారం పిన్ని రొయ్యలు తెచ్చింది. నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ పీట వేసుకుని ఒలిచేస్తోంది. నేను కేకేసేలోపే రొయ్య తలమీది ముల్లు ఆవిడ చూపుడువేల్లో దిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయి పిన్నిని నానా మాటలూ అన్నాను. ఆవిడ మాత్రం అమ్మ వేలు కడిగి పసుపు పెట్టింది.

రొయ్యముల్లు గుచ్చుకుంటే ఏమవుతుందో మావాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి వేలు లావెక్కి, చీము పట్టి, అన్నం కలుపుకోడానికి కూడా పనికిరాదు. అందుకే ఆదివారం లేస్తూనే అమ్మ వేలు చూశాను. వాపు లేదు, ఎరుపు లేదు. ముల్లు దిగినచోట చిన్న నల్లటి చుక్క, అంతే. నా ప్రాణం కుదుటపడింది. నీ పసుపు బాగా పనిచేసిందని పిన్నికి ఫోన్ చేసి చెప్పాను.

మధ్యాహ్నం అమ్మకి చలి మొదలైంది. దుప్పటి కప్పినా వణుకు తగ్గలేదు, ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం వస్తే క్షణం ఆగొద్దని ఆస్పత్రిలో ముందే చెప్పారు. కారు పిలుస్తుంటే అమ్మ అడ్డుపడింది.

"వేలు వాచలేదు కదే. ఉత్త జ్వరం. రేపెలాగూ వెళతాం."

బతిమాలే ఓపిక లేక రెక్క పట్టుకుని లేపాను. మురమళ్ళ దాటేసరికి అమ్మ మాట ముద్దగా అయిపోయింది. యానాం వంతెన మీద పిలిస్తే పలకలేదు. డ్రైవరుని తొందరపెట్టి తిట్లు కూడా తిన్నాను.

కాకినాడ ఆస్పత్రిలో చేసిన రక్తపరీక్షలో తెల్లకణాలు దాదాపు లేవు. జ్వరం ఎక్కణ్ణుంచి వచ్చిందని డాక్టరుగారు వెతుకుతుంటే ముల్లు సంగతి చెప్పి, వాపు కూడా రాలేదండీ అన్నాను, అదేదో మా ఘనత అయినట్టు. ఆవిడ అమ్మ వేలు పట్టుకుని చాలాసేపు చూశారు.

"నా భయం అదేనండీ. తెల్లకణాలు వెళ్ళి పోట్లాడితేనే వాపు, చీము. ఇక్కడ పోట్లాడ్డానికి ఎవరూ లేరు."

తెల్లకణాలు ఎముకల మూలుగలో పుడతాయట. ఆ మూలుగ తుంటి ఎముకల్లోనే ఎక్కువ. గడ్డ మీద పెట్టిన కరెంటు దానికీ తగులుతుంది, పైగా మందు కూడా తోడైంది. కరెంటు పడినచోట పేగులు ఏ క్రిమీ లేకుండానే వాచి అమ్మకి అంతకుముందే విరేచనాలు పట్టుకున్నాయి. క్రిమి దూరిన వేలేమో చల్లగా ఊరుకుంది. విషం అప్పటికే రక్తంలో కలిసిందని, బీపీ పడిపోతోందని చెప్పారు.

కరెంటు ఆపేశారు. యాంటీబయాటిక్స్, తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అమ్మ దక్కుతుందా అని అడిగితే, చూద్దామండీ అనడం తప్ప ఎవరూ ఇంకో మాట అనలేదు. నాకు ప్రార్థన కూడా రాలేదు. ఆ వేలినే చూస్తూ, వాచు, వాచవే అని గొణుక్కుంటూ కూర్చున్నాను. జ్వరం దిగేది, మళ్ళీ ఎక్కేది. వేలు మాత్రం అలాగే ఉండేది.

ఆ వారం గడవకముందే, ఒక పొద్దున్న టిఫిన్ల వేళ అమ్మ మూలిగింది. వేలు సలిపేస్తోందట. చూస్తే ఎర్రగా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. డాక్టరుగారు వచ్చి నొక్కగానే అమ్మ కెవ్వుమంది. అన్నాళ్ళలో మొదటిసారి డాక్టరుగారి మొహంలో నవ్వు చూశాను.

"వచ్చేరండీ మనవాళ్ళు."

నేను పగలబడి నవ్వేశాను.

"నొప్పితో నేను చస్తుంటే నీకు నవ్వెలా వస్తోందే?" అంది అమ్మ, కళ్ళనీళ్ళతో.

నేను అప్పటికే ఏడుస్తున్నానని ఆవిడ గమనించలేదు.