తిన్నామనే జవాబు

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఆటో దిగి రేవు గోడ పక్కన నడవడం మొదలుపెట్టగానే నా మోకాళ్ళు నన్ను తిట్టడం మొదలుపెడతాయి, ఈ వయసులో ఈ ఉద్యోగమేమిటని. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి రేవుల్లో పాతుకుపోయిన కుటుంబాల్లో, కాన్పుల వయసు ఆడవాళ్ళకి ఒంట్లో రక్తం ఎందుకు తక్కువగా ఉంటోందో తెలుసుకోవడం మా పరిశోధన. పెద్ద చదువులవాళ్ళు ప్రశ్నలు రాశారు. వాటిని తెలుగులో అడగడానికి ఒక మనిషి కావాలి. నేనూ రేవు కూలీ కూతుర్నే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

నిన్న ఏమేం తిన్నారు? ఇదీ మొదటి ప్రశ్న. రాసినవాళ్ళకి మావాళ్ళ సంగతి తెలియదు. మాలో గుమ్మంలోకి వచ్చిన మనిషిని తిన్నావా అని అడగడం కుశలప్రశ్న. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే, దానికి జవాబు తిన్నాననే. లేదంటే ఆ ఇల్లాలు వడ్డించి తీరాలి. గిన్నెలో లేకపోతే ఆమె మొహం చిన్నబోతుంది. ఎందుకొచ్చిన గొడవ, తిన్నానంటే ఇద్దరి పరువూ దక్కుతుంది. అదే అలవాటున మా ప్రశ్నకి కూడా అందరూ శుభ్రంగా తిన్నామనే చెబుతారు. ఇంట్లో వండినవన్నీ వరసపెట్టి చదువుతారు. ఆ తర్వాత వేలికి సూది గుచ్చి చుక్క తీస్తే, ఇంత తిన్న ఒంట్లో రక్తం ఉండదు.

మా సూపర్‌వైజరు బెంగాలీ ఆవిడ, మంచిదే. "దీదీ, జవాబు మీరు అందించకూడదు, వాళ్ళు చెప్పిందే ట్యాబ్‌లో నొక్కండి" అంటుంది. సరేనని నొక్కుతాను. మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు విసుగు రావడానికి కూడా ఓపిక లేదు.

అలాంటి నన్ను కూడా ఒక పిల్ల నిద్రపోనివ్వలేదు. రేవులో సరుకు దించే ఒకతని పెళ్ళాం, తొలిచూలు. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చీటీ రాసి సర్కారు ఆసుపత్రికి పంపాను. కాన్పులోగా రక్తం పెరక్కపోతే ప్రాణం మీదికొస్తుందని అక్కడి డాక్టరమ్మ కేకలేసి మాత్రలిచ్చిందట. కొన్నాళ్ళకి వెళ్ళి చూస్తే మాత్రల అట్ట ఇంచుమించు ఇచ్చినది ఇచ్చినట్టే ఉంది.

"ఏసుకుంటే కడుపులో తిప్పేస్తంది దీదీ. కక్కేస్తన్నాను."

"ఖాళీ కడుపున వేసుకుంటే అలాగే తిప్పుతుంది. అన్నం తిని వేసుకో. తింటున్నావా?"

"తింటన్నాను."

వంటింట్లోంచి వాళ్ళత్త అందుకుంది. "తినక ఏటి? నిన్న నెత్తళ్ళ పులుసు, పప్పు, బచ్చలికూర. మా ఇంట్లో ఏటి తక్కువ?"

ఆవిడ చెప్పినవన్నీ నొక్కాను. ఆవిడ మీద మాత్రం ఒళ్ళు మండింది. కోడలి తరఫున జవాబులు చెప్పే అత్తల్ని చూసి చూసి ఉన్నాను మరి.

ఇంకోరోజు పొద్దుట్నుంచీ పక్కపేట వాట్‌గంజ్‌లో తిరిగాను. నా అన్నం డబ్బా బస్సులో మరిచిపోయాను. ఆ పిల్ల ఇంటికి వచ్చేసరికి ఎండకి కళ్ళు తిరిగి గుమ్మంలోనే కూలబడ్డాను. అత్త నీళ్ళకోసం కుళాయి దగ్గరికి వెళ్ళింది.

"తిన్నారా దీదీ?"

"తిన్నానమ్మా."

పిల్ల నా మొహంలోకి చూసి నవ్వింది. "నానూ రోజూ అలాగే తింటన్నాను."

"లేదే, తినలేదు" అన్నాను. పరాయి గుమ్మంలో ఆ మాట అనడం నా జన్మలో అదే మొదలు. చెప్పొద్దూ, సిగ్గేసింది.

పిల్ల గిన్నె తెచ్చింది. అడుగున గంజిలో నానిన అన్నం, చేపముక్క లేని పులుసు. అత్త చెప్పిన నెత్తళ్ళ చేపలూ పప్పూ రోజూ మగవాళ్ళ డబ్బాల్లో రేవుకి వెళ్ళిపోతాయట. ముందు చిన్న గిన్నెలోకి కాస్త తీసి మూతపెట్టింది. అది ఎవరికో నేనడగలేదు. మిగిలింది రెండు కంచాల్లో పెట్టింది, నాకే కొంచెం ఎక్కువ. తినలేదన్నాక వద్దనడానికి లేదు. ఒక చూలింత కడుపులోకి వెళ్ళాల్సిన అన్నం కూర్చుని తిన్నాను. ఏడుపొచ్చింది.

మర్నాడు ఇద్దరు ముగ్గురికి సరిపడా అన్నం, గుడ్ల కూర, తోటకూర పప్పు క్యారేజీలో పట్టుకెళ్ళాను. పరిశోధనలో ఉన్నవాళ్ళకి మేం తిండి పెట్టకూడదు, పెడితే ఫలితాలు చెడతాయట. చెడనీ అనుకున్నాను. అత్తతో పడాల్సిన పోట్లాట దారిపొడుగునా నాలోనేనే పడుతూ వెళ్ళాను.

"తిన్నారా అప్పా?" అంది పిల్ల. మా పక్క అక్కని అప్ప అంటారు. దీదీ అనడం మానేసింది.

"తినలేదు. నువ్వు తిన్నావా?" వంటింట్లోకి వినబడేలాగే అడిగాను.

పిల్ల లోపలికి చూసింది. తలొంచుకుంది. "తిన్నేదు" అంది.

గరిటె చప్పుడు ఆగింది. అత్త బయటికొచ్చింది. నేను కొంగు బిగించుకునే కూర్చున్నాను. ఆవిడ కోడలి వంక చూసి, నా వంక చూసి, గోడకి జారబడి కూర్చుంది.

"దాన్ని అడగడానికి నువ్వొచ్చినావు. నాను కోడలిగా వొచ్చిన కాడ్నుంచీ ఆ అడుగునున్నదే తింటన్నాను. నన్నొక్కలైనా అడిగినారేటి?"

ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కాన్పుల వయసు దాటిపోయిన మనిషి, మా ప్రశ్నల్లోకి రాదు. మూతపెట్టిన చిన్న గిన్నె అప్పుడు గుర్తొచ్చింది. పడదామనుకున్న పోట్లాటంతా ఎటు పోయిందో తెలియదు.

"తిన్నావా పిన్నీ?" అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"తిన్నేదమ్మా."

కంచాలు తెచ్చి ముగ్గురికీ వడ్డించాను. "ముందు దానికెయ్యి" అంది ఆవిడ. కోడలు తినడం అయ్యేదాకా చూసి, లేచి వెళ్ళి మాత్రల అట్టా చెంబుతో నీళ్ళూ తెచ్చి ఇచ్చింది. అప్పుడు తన కంచం దగ్గరికి లాక్కుంది.